డ్యూయల్ బూట్ కంప్యూటర్‌లో ఫైల్ అనుమతుల చిక్కులను సరిచేయడం

ఒకే కంప్యూటర్‌లో విండోస్‌నూ లినక్స్‌నూ పక్కపక్కన పెట్టుకున్నవారికి తరచుగా ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. ఉమ్మడిగా వాడుకునే డ్రైవ్‌లోని ఫైలు తెరుచుకుంటుంది గాని, మార్చి సేవ్ చేయబోతే కుదరదు. కొన్నిసార్లు ఫోల్డరే తెరుచుకోదు, మరికొన్నిసార్లు నిన్నటి వరకూ చక్కగా పనిచేసిన డ్రైవ్ ఈ రోజు మొరాయిస్తుంది. పైకి ఒకేలా కనిపించే ఈ సమస్యకు వేర్వేరు కారణాలుంటాయి. ఒక కారణానికి పనికొచ్చే పరిష్కారం మరొకదానికి పనికిరాకపోవడమే కాక, నష్టం కూడా చేయవచ్చు. అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చేసే 777 అనే సంఖ్యను చాలామంది మొదటి మందుగా వాడుతుంటారు. ఉమ్మడి డ్రైవ్ విషయంలో అది చాలాసార్లు ఏ ప్రభావమూ చూపదు, లినక్స్ సొంత ఫోల్డర్ల మీద ప్రయోగిస్తే మాత్రం కొత్త కష్టాలు తెచ్చిపెడుతుంది. కాబట్టి ఆదేశం టైప్ చేసే ముందు అడ్డు ఎక్కడుందో కనుక్కోవాలన్నదే ఈ వ్యాసంలో నేను మళ్లీ మళ్లీ చెప్పబోయే మాట.

ఉదాహరణకు విండోస్ 11, ఉబుంటు అనే లినక్స్ ఉన్న ఒక ల్యాప్‌టాప్‌ను తీసుకుందాం. విండోస్‌కు సి డ్రైవ్, ఉబుంటుకు ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఫార్మాట్ చేసిన ఒక పార్టిషన్ (డిస్కులో విడదీసిన భాగం), రెండింటికీ ఉమ్మడిగా ఫొటోలూ పత్రాలూ దాచుకునే డి డ్రైవ్ ఉన్నాయనుకుందాం. డి డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఉంటుంది. ఇక్కడ ఆదేశాలన్నింటినీ ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో రాశాను. టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైప్ చేసే కిటికీలో, వాటిని ఇంగ్లీషు అక్షరాలతోనే, వేరుగా చెప్పిన చోట తప్ప చిన్న బడి అక్షరాలతోనే టైప్ చేయాలి.

ముందు అడ్డు ఎక్కడుందో చూడడం

తెర మీద వచ్చే సందేశాన్ని మొదట శ్రద్ధగా చదవాలి. "రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్" అని వస్తే డ్రైవ్ మొత్తం చదవడానికి మాత్రమే తెరుచుకుందని అర్థం. అప్పుడు ఫైళ్ల అనుమతులను ఎంత మార్చినా ప్రయోజనం ఉండదు. "పర్మిషన్ డినైడ్" అని వస్తే డ్రైవ్ బాగానే ఉంది గాని, ఆ ఫైలు మీదో, దానికి దారితీసే ఏదో ఒక ఫోల్డర్ మీదో మీకు హక్కు లేదని అర్థం. ఈ రెండింటినీ కలగలిపి చూడడం వల్లే గంటల కొద్దీ కాలం వృథా అవుతుంది.

తరువాత టెర్మినల్ తెరిచి నాలుగు చిన్న ఆదేశాలు ఇవ్వాలి. "ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్" అనేది ఏ పార్టిషన్ ఏ పద్ధతిలో ఫార్మాట్ అయిందో, దాని యూయూఐడీ గుర్తింపు సంఖ్య ఏమిటో చూపిస్తుంది. "ఫైండ్ఎంఎన్‌టీ" అనేది ఆ పార్టిషన్ ఏ ఫోల్డర్ దగ్గర మౌంట్ అయిందో, అంటే ఏ ఫోల్డర్ ద్వారా అందుబాటులోకి వచ్చిందో, ఏ ఐచ్ఛికాలతో (ఆప్షన్లతో) మౌంట్ అయిందో చెబుతుంది. ఆ వరుసలో మొదట "ఆర్‌డబ్ల్యూ" అని ఉంటే రాయడం కుదురుతుంది, "ఆర్‌ఓ" అని ఉంటే కుదరదు. "ఐడీ" అనే ఆదేశం లినక్స్‌లో మీ యూజర్ సంఖ్య ఎంతో తెలుపుతుంది. ఉబుంటులో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సృష్టించిన మొదటి యూజర్‌కు 1000 అనే సంఖ్య వస్తుంది. చివరగా "ఎల్‌ఎస్ -ఎల్" ఆదేశం ఒక్కో ఫైలు యజమాని ఎవరో, చదవడం, రాయడం, నడపడం అనే హక్కులు ఎవరెవరికి ఉన్నాయో చూపిస్తుంది. ఈ నాలుగు సమాధానాలు చేతిలో ఉంటే సగం పని పూర్తయినట్టే.

విండోస్, లినక్స్ హక్కులను లెక్కించే తీరే వేరు. 1993లో విండోస్ ఎన్‌టీ 3.1తో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్, ప్రతి ఫైలుకూ ఎవరికి ఏ హక్కు ఉందో చెప్పే ఒక జాబితాను దాచుకుంటుంది. ఆ జాబితాలో మనుషుల పేర్లు కాక, ఎస్‌ఐడీ అనే పొడవాటి గుర్తింపు సంఖ్యలు ఉంటాయి. లినక్స్ మాత్రం యజమాని, గ్రూపు, ఇతరులు అనే మూడు వర్గాలకు మూడేసి హక్కులు చొప్పున లెక్కిస్తుంది. విండోస్ ఎస్‌ఐడీకీ లినక్స్‌లోని 1000 సంఖ్యకూ తమంతట తాముగా ఏ సంబంధమూ ఉండదు. అందుకే ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌ను లినక్స్ తెరిచేటప్పుడు, మామూలుగా ఆ జాబితాలను పక్కనబెట్టి, మౌంట్ చేసేటప్పుడు మనం చెప్పిన యజమానినీ హక్కులనూ డ్రైవ్‌లోని ఫైళ్లన్నింటికీ ఒకేలా ఆపాదిస్తుంది.

ఈ ఒక్క విషయం మనసుకు పడితే మిగిలినదంతా తేలికవుతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌ను లినక్స్ చదవడానికీ రాయడానికీ చాలా కాలంగా వాడుకలో ఉన్న ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ డ్రైవర్‌తో మౌంట్ అయిన డ్రైవ్‌లో ఫైలు హక్కులను మార్చే సీహెచ్‌మోడ్ ఆదేశం ఇస్తే, తప్పు జరిగిందన్న సందేశమేదీ రాకుండానే ముగుస్తుంది. కానీ "ఎల్‌ఎస్ -ఎల్" మళ్లీ కొట్టి చూస్తే హక్కులు ఎక్కడివక్కడే ఉంటాయి. దీనికి కారణం ఆ డ్రైవర్ అలాంటి ఆదేశాలను మౌనంగా పక్కనపెట్టేలా తయారుకావడమే. కనుక ఉమ్మడి డ్రైవ్‌లో సరిచేయవలసింది ఫైలును కాదు, మౌంట్‌ను.

డ్రైవ్ మొత్తం చదవడానికే పరిమితమైతే

డ్యూయల్ బూట్ వాడేవారిని ఎక్కువగా వేధించే కారణం విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్. 2012లో విండోస్ 8తో వచ్చిన ఈ సదుపాయం విండోస్ 11లోనూ ఉంది. ఇది ఆన్‌లో ఉన్నప్పుడు షట్ డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగిపోదు. తన అంతర్భాగపు స్థితిని డిస్కు మీద ఒక ఫైలులో భద్రపరచుకుని, మరుసటిసారి అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ భద్రపరచిన స్థితిలో సి డ్రైవ్‌తో పాటు డి డ్రైవ్ కూడా తెరిచి ఉన్నట్టే లెక్క. ఆ సమయంలో లినక్స్ వచ్చి డి డ్రైవ్‌లో ఏదైనా రాస్తే, విండోస్ తిరిగి మేల్కొన్నప్పుడు పాత లెక్కనే నమ్ముకుని దాని మీద రాస్తుంది, ఫైళ్లు పాడవుతాయి. ఈ ప్రమాదాన్ని నివారించడానికే లినక్స్ ఆ డ్రైవ్‌ను చదవడానికి మాత్రమే తెరుస్తుంది. ఇది లోపం కాదు, మన డేటాను కాపాడే జాగ్రత్త. అందుకే దాన్ని బలవంతంగా దాటవేయమని చెప్పే సలహాలను నేను సమర్థించను.

సరైన మార్గం విండోస్‌లోకి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపివేయడం. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, ఎడమవైపున పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే లింకును నొక్కాలి. తరువాతి తెరలో, ప్రస్తుతం అందుబాటులో లేని సెట్టింగులను మార్చే లింకును నొక్కితేనే కింది గడులు మార్చడానికి వీలవుతాయి. అక్కడ "టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్" ఎదురుగా ఉన్న టిక్ తీసేసి సేవ్ చేయాలి. హైబర్నేట్ సదుపాయం అసలే అక్కర్లేనివారు, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో "పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్" అని ఇస్తే రెండూ ఒకేసారి ఆగిపోతాయి, హైబర్నేషన్ ఫైలు ఆక్రమించుకున్న జాగా కూడా డిస్కులో ఖాళీ అవుతుంది. ఇప్పటికిప్పుడు సెట్టింగులు మార్చే తీరిక లేకపోతే, విండోస్‌లో షట్ డౌన్‌కు బదులు రీస్టార్ట్ నొక్కి, బూట్ మెనూలో ఉబుంటును ఎంచుకోవచ్చు. రీస్టార్ట్ చేసినప్పుడు విండోస్ పూర్తిగా ఆగి మొదలవుతుంది కాబట్టి డ్రైవ్ శుభ్రంగా దొరుకుతుంది.

ఫాస్ట్ స్టార్టప్ ఆపిన తరువాత కూడా డ్రైవ్ మౌంట్ కాకపోతే, అందులో "డర్టీ" అనే గుర్తు మిగిలి ఉండవచ్చు. కరెంటు హఠాత్తుగా పోవడం వల్లనో, యూఎస్‌బీ డిస్కును చెప్పకుండా పీకేయడం వల్లనో ఈ గుర్తు పడుతుంది. 2021 అక్టోబరులో వెలువడిన లినక్స్ 5.15 కెర్నెల్‌లో (లినక్స్ మూల భాగంలో) చేరిన ఎన్‌టీఎఫ్‌ఎస్3 అనే కొత్త డ్రైవర్ ఈ విషయంలో చాలా కచ్చితంగా ఉంటుంది. గుర్తు కనిపిస్తే మౌంట్ చేయడానికే నిరాకరిస్తుంది. ఫైల్ మేనేజర్‌లో మాత్రం ఫైల్ సిస్టమ్ రకం తప్పు, సూపర్‌బ్లాక్ చెడింది అన్నట్టు భయపెట్టే సందేశం వస్తుంది. కంగారు పడి ఫార్మాట్ చేయవద్దు. "సుడో డీమెసేజ్" ఆదేశంతో, అంటే డి, ఎం, ఈ, ఎస్, జి అక్షరాల ఆదేశంతో (ముందున్న సుడో దాన్ని అడ్మినిస్ట్రేటర్ హక్కుతో నడుపుతుంది), చివరి వరుసలు చూస్తే అసలు కారణం అక్కడ స్పష్టంగా రాసి ఉంటుంది. విండోస్‌లోకి వెళ్లి, అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో "సీహెచ్‌కేడీఎస్‌కే డి: /ఎఫ్" అని ఇస్తే డ్రైవ్‌ను పరీక్షించి, దోషాలు సరిచేసి, గుర్తును తొలగిస్తుంది. లినక్స్ వైపు ఉన్న ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ పరికరం -డి ఐచ్ఛికంతో ఆ గుర్తును చెరిపేయగలదు గాని, పూర్తి పరీక్ష చేయలేదు. విండోస్ తెరుచుకోని పరిస్థితిలో, డేటాను బయటికి తీసుకోవడానికి మాత్రమే దాన్ని వాడడం మంచిది.

డ్రైవ్ విండోస్‌లోని బిట్‌లాకర్ సదుపాయంతో ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం పడి, ఉంటే సంగతి వేరు. ఎల్‌ఎస్‌బీఎల్‌కే జాబితాలో ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు బదులు బిట్‌లాకర్ అని కనిపిస్తుంది. 48 అంకెల రికవరీ కీ గాని, పాస్‌వర్డ్ గాని ఇస్తే తప్ప అది తెరుచుకోదు, అనుమతులతో దానికి పనిలేదు.

ఎఫ్‌స్టాబ్‌లో ఒక వరుస

డ్రైవ్ శుభ్రంగా ఉన్నా రాయడం కుదరకపోతే, మౌంట్ అయిన తీరును సరిచేయాలి. ఎన్‌టీఎఫ్‌ఎస్3 డ్రైవర్‌తో, యజమాని ఎవరో చెప్పకుండా మౌంట్ చేస్తే ఫైళ్లన్నీ రూట్ (లినక్స్‌లో సర్వాధికారాలూ ఉన్న యూజర్) పేరిట కనిపించి, మామూలు యూజర్ వాటిని చదవగలడే గాని మార్చలేడు. శాశ్వత పరిష్కారం /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్ అనే ఫైలులో ఒక వరుస చేర్చడం. కంప్యూటర్ ఆన్ అయిన ప్రతిసారీ ఏ డ్రైవ్‌ను ఎక్కడ, ఎలా మౌంట్ చేయాలో ఉబుంటు చూసుకునే జాబితా ఇదే. ఇందులో తప్పు దొర్లితే కంప్యూటర్ మామూలుగా మొదలవకుండా ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోవచ్చు కనుక, మార్చే ముందు "సుడో సీపీ /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్ /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్.బ్యాక్" అని ఒక నకలు తీసి ఉంచుకోవాలి.

ముందుగా "సుడో ఎంకేడిర్ /ఎంఎన్‌టీ/డేటా" అంటూ ఒక ఖాళీ ఫోల్డర్ సృష్టించి, "సుడో నానో /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్"తో ఫైలును తెరిచి, చివర కొత్త వరుస చేర్చాలి. ఆ వరుసలో ఆరు భాగాలుంటాయి, ఒక్కోదాని మధ్య ఖాళీ ఉంటుంది. మొదటిది ఎల్‌ఎస్‌బీఎల్‌కే చూపించిన యూయూఐడీ. ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌కు అది 16 అక్షరాల పొడవుంటుంది, దాని ముందు పెద్ద బడి అక్షరాల్లో "యూయూఐడీ=" అని చేర్చాలి. రెండవది /ఎంఎన్‌టీ/డేటా. మూడవది ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ. నాలుగవది ఐచ్ఛికాల వరుస: "యూఐడీ=1000,జీఐడీ=1000,డీమాస్క్=022,ఎఫ్‌మాస్క్=133,విండోస్_నేమ్స్,నోఫెయిల్". కామాల తరువాత ఖాళీ వదలకూడదు, ఈ చోట చాలామంది పొరబడతారు. అయిదు, ఆరు భాగాలు 0, 0.

ఆ ఐచ్ఛికాలను కాస్త దగ్గరగా చూద్దాం. యూఐడీ, జీఐడీ డ్రైవ్‌ను మీ పేరిట చూపిస్తాయి, మీ సంఖ్య 1000 కాకపోతే ఐడీ ఆదేశం చూపించినదే రాయాలి. మాస్క్ అనేది ఇచ్చే హక్కు కాదు, తీసివేసే హక్కు. లినక్స్ లెక్కలో చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. డీమాస్క్ ఫోల్డర్లకు వర్తిస్తుంది. 777 నుంచి 022 తీసేస్తే 755 మిగులుతుంది, అంటే మీరు అన్నీ చేయగలరు, ఇతరులు లోపలికి వచ్చి చూడగలరు. ఎఫ్‌మాస్క్ ఫైళ్లకు వర్తిస్తుంది. 133 తీసేస్తే 644 మిగులుతుంది, అంటే ఫొటోలూ పత్రాలూ ప్రోగ్రాముల్లా నడిచే హక్కుతో కనిపించవు. ఆ డ్రైవ్ నుంచే స్క్రిప్టులు నడపాలనుకుంటే ఎఫ్‌మాస్క్‌ను కూడా 022గా ఉంచుకోవచ్చు. విండోస్_నేమ్స్ వల్ల, కోలన్, ప్రశ్నార్థకం వంటి విండోస్‌కు సరిపడని గుర్తులతో లినక్స్‌లో ఫైలు పేరు పెట్టబోతే అక్కడే ఆగుతుంది. ఇది లేకపోతే, లినక్స్‌లో "పాఠం: 1" అని పేరు పెట్టిన ఫైలు విండోస్‌లో తెరుచుకోక, అది కూడా అనుమతుల సమస్యే అనుకుని వెతుక్కోవలసి వస్తుంది. నోఫెయిల్ ఉంటే డ్రైవ్ దొరకని రోజున కూడా కంప్యూటర్ మొదలవుతుంది. దాన్ని ఎప్పుడూ వదిలిపెట్టవద్దు.

సేవ్ చేశాక వెంటనే రీస్టార్ట్ చేయకుండా, "సుడో ఫైండ్ఎంఎన్‌టీ --వెరిఫై" ఆదేశంతో వరుసల్లో తప్పులున్నాయేమో చూసుకోవాలి. తరువాత ఫైల్ మేనేజర్‌లో డ్రైవ్ తెరిచి ఉంటే ఎజెక్ట్ చేసి, "సుడో సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్", ఆపైన "సుడో మౌంట్ -ఏ" ఇవ్వాలి. ఏ సందేశమూ రాకపోతే పని జరిగినట్టు. /ఎంఎన్‌టీ/డేటాలో ఒక ఖాళీ ఫైలు సృష్టించి, చెరిపి చూసుకుంటే నిర్ధారణ అవుతుంది.

హక్కులు సరిగ్గా ఉన్నా ప్రోగ్రాముకు అందకపోతే

మీకు తెరుచుకునే ఫోల్డర్ కొన్ని ప్రోగ్రాములకు తెరుచుకోదు. ఫైల్ మేనేజర్‌లో క్లిక్ చేసి తెరిచిన డ్రైవ్ ఉబుంటులో /మీడియా కింద మీ యూజర్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో మౌంట్ అవుతుంది. ఆ ఫోల్డర్‌లోకి మీకు తప్ప ఇతర యూజర్లకు ప్రవేశం ఉండదు. ఉదాహరణకు అపాచీ వెబ్ సర్వర్ ఉబుంటులో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అనే వేరే యూజర్‌గా నడుస్తుంది కాబట్టి, ఆ డ్రైవ్‌లోని వెబ్‌సైట్ ఫోల్డర్‌ను చూపిస్తే 403 అనే, అంటే ప్రవేశం లేదన్న, జవాబు వస్తుంది. ఫైలు హక్కులు సరిగ్గానే ఉన్నా, దారిలో ఒక్క ఫోల్డర్ మూసి ఉన్నా చాలు, లోపలికి చేరడం కుదరదు. "నేమ్ఐ -ఎల్" తరువాత ఫైలు పూర్తి దారిని ఇస్తే, మొదటి ఫోల్డర్ నుంచి చివరి ఫైలు దాకా ఒక్కొక్క మెట్టు హక్కులనూ వరుసగా చూపిస్తుంది. ఎక్కడ తలుపు మూసి ఉందో ఇట్టే తెలుస్తుంది. పైన చెప్పినట్టు /ఎంఎన్‌టీ కింద మౌంట్ చేస్తే ఈ చిక్కు ఉండదు.

స్నాప్ అనే ప్యాకేజీ రూపంలో ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రాములది మరో కథ. అవి తమకు కేటాయించిన పరిధిలోనే తిరుగుతాయి, మీడియా ఫోల్డర్లలోకి వెళ్లడానికి విడిగా అనుమతి కావాలి. వీడియోలు చూసే వీఎల్‌సీ స్నాప్‌కు అయితే "సుడో స్నాప్ కనెక్ట్ వీఎల్‌సీ:రిమూవబుల్-మీడియా" అని ఇస్తే /మీడియా, /ఎంఎన్‌టీ రెండింటిలోని ఫైళ్లూ దానికి అందుతాయి. ఫ్లాట్‌ప్యాక్ అనే మరో ప్యాకేజీ రూపంలోని ప్రోగ్రాములకు ఫ్లాట్‌సీల్ అనే చిన్న సాధనంలో ఆ ఫోల్డర్‌ను చేర్చాలి.

లినక్స్ సొంత పార్టిషన్‌లో

ఈఎక్స్‌టీ4లో మాత్రం సీహెచ్‌మోడ్, యజమానిని మార్చే సీహెచ్‌ఓన్ ఆదేశాలు నిజంగానే పనిచేస్తాయి, కాబట్టి ఇక్కడే ఎక్కువ జాగ్రత్త అవసరం. రెండు లినక్స్‌లు వాడేవారికీ, పాత లినక్స్ తీసేసి కొత్తది వేసుకున్నవారికీ, ఎల్‌ఎస్ -ఎల్ జాబితాలో యజమాని పేరుకు బదులు 1001 వంటి సంఖ్య కనిపిస్తుంటుంది. ఫైలులో దాగి ఉండేది పేరు కాదు, సంఖ్యే. ఆ సంఖ్య గల యూజర్ కొత్త లినక్స్‌లో లేడు. ఆ ఫోల్డర్‌ను మీ పేరిట మార్చడానికి "సుడో సీహెచ్‌ఓన్ -ఆర్ 1000:1000" అని, పెద్ద బడి ఆర్‌తో, ఆ తరువాత ఫోల్డర్ దారి ఇవ్వాలి. ఎంటర్ నొక్కే ముందు దారిని మరొకసారి చదవండి. దారికి బదులు ఒంటరి స్లాష్ పడితే సిస్టమ్ ఫైళ్లన్నింటి యాజమాన్యమూ మారిపోతుంది, సుడో ఫైలు కూడా రూట్ చేతిలోంచి పోయి, తప్పును దిద్దుకోవడానికి ఆ ఆదేశమే పనిచేయదు.

777 వద్దని చెప్పడానికి ప్రత్యక్ష సాక్ష్యం, మరో కంప్యూటర్‌లోకి సురక్షితంగా లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ కీ. ప్రైవేట్ కీ ఫైలును ఇతరులు కూడా చదవగలిగితే, భద్రత లేని కీ అని హెచ్చరించి ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని వాడడానికే నిరాకరిస్తుంది. ఆ కీని ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌లో ఉంచితే, విడిగా ఆ ఒక్క ఫైలు హక్కులు తగ్గించే వీలుండదు. హోమ్ ఫోల్డర్‌లోని .ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లోకి నకలు చేసి, "సీహెచ్‌మోడ్ 600" ఇవ్వడమే మార్గం.

ఎన్‌టీఎఫ్‌ఎస్ నుంచి హోమ్ ఫోల్డర్‌లోకి తెచ్చిన ఫైళ్లన్నీ నడిచే హక్కుతో వచ్చి ఉంటే, ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి "ఫైండ్ . -టైప్ ఎఫ్ -ఎగ్జెక్ సీహెచ్‌మోడ్ 644 {} +" అని ఫైళ్లకూ, అదే ఆదేశంలో ఎఫ్ బదులు డి, 644 బదులు 755 పెట్టి ఫోల్డర్లకూ ఇవ్వాలి. ఫోల్డర్ల నుంచి నడిచే హక్కు తీసేస్తే లోపలికి ప్రవేశమే ఉండదు, అందుకే రెండూ విడివిడిగా చేయాలి.

తెలుగులో ఫైళ్లకు పేర్లు పెట్టుకునేవారికి మరొక మాట. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పేరు 255 యూనిట్ల దాకా ఉండవచ్చు, అక్కడ ఒక్కో తెలుగు అక్షర సంకేతం ఒక్క యూనిట్. ఈఎక్స్‌టీ4లో హద్దు 255 బైట్లు, అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. గుణింతాలూ వొత్తులూ విడివిడి సంకేతాలే కనుక, అక్కడ పేరు 85 సంకేతాలు దాటకూడదు. డి డ్రైవ్‌లో బాగానే ఉన్న పొడవాటి తెలుగు పేరు గల ఫైలు హోమ్ ఫోల్డర్‌లోకి నకలు కాకపోతే అనుమతులను అనుమానించకుండా పేరు కుదించి చూడండి.

విండోస్ వైపు

విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు మీ పేరు అదే అయినా ఎస్‌ఐడీ కొత్తది వస్తుంది. పాత ఎస్‌ఐడీ పేరిట ఉన్న ఫోల్డర్లు "ఈ ఫోల్డర్ తెరవడానికి మీకు అనుమతి లేదు" అన్న అర్థంతో సందేశం చూపిస్తాయి. ఒకటి రెండు ఫోల్డర్లయితే కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్ దగ్గరికి వెళ్లి, ఓనర్ పక్కన ఛేంజ్ నొక్కి మీ ఖాతా పేరు ఇచ్చి, లోపలి ఫోల్డర్లకూ వర్తింపజేసే గడిలో టిక్ పెట్టాలి. ఎక్కువ ఉంటే అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో "టేక్‌ఓన్ /ఎఫ్ డి:\ఫొటోలు /ఆర్ /డి వై" ఇచ్చి యాజమాన్యం తీసుకోవాలి. యజమాని అయినంత మాత్రాన చదివే హక్కు రాదు, కాబట్టి ఆ వెంటనే "ఐకాకిల్స్" అనే, ఐ, సి, ఎ, సి, ఎల్, ఎస్ అక్షరాల ఆదేశంతో, అదే ఫోల్డర్ దారి, /గ్రాంట్, మీ ఖాతా పేరు, దాని వెంటే ":(ఓఐ)(సీఐ)ఎఫ్", చివర /టీ ఇచ్చి పూర్తి హక్కు చేర్చుకోవాలి. బ్రాకెట్లలోని రెండు గుర్తుల వల్ల, ఇకమీదట లోపల సృష్టించే ఫైళ్లకూ ఫోల్డర్లకూ అదే హక్కు సంక్రమిస్తుంది. వీటిని సి డ్రైవ్‌లోని విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ల మీద ప్రయోగించకూడదు. అవి ట్రస్టెడ్ఇన్‌స్టాలర్ అనే సిస్టమ్ ఖాతా పేరిట ఉండడమే క్షేమం.

విండోస్ నుంచి ఉబుంటు పార్టిషన్‌లోని ఫైలు కావాలంటే, విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్‌ఎల్‌లోని "--మౌంట్" ఐచ్ఛికం పూర్తి డిస్కును మాత్రమే తగిలించుకోగలదు, విండోస్ నడుస్తున్న డిస్కును తగిలించుకోలేదు. ఒకే డిస్కు ఉన్న ల్యాప్‌టాప్‌లో అది పనికిరాదు. అటువంటివారు ఉబుంటులోకి వెళ్లి ఆ ఫైలును డి డ్రైవ్‌లోకి నకలు చేసుకుని రావాలి.